తల నాది, మాటా నాదే

మెదడు వేరు, మనసు వేరు అన్న సంగతి నేను పుస్తకాల్లో చదువుకోలేదు. మా ఇంట్లోవాళ్ళూ, మా వీధిలోవాళ్ళూ కలిసి నాకు నేర్పారు. అందుకే ఈ విషయం మీద ఎవరైనా కళ్ళు అరమోడ్చి వేదాంతం మాట్లాడితే నాకు ఒళ్ళు మండుతుంది. మెదడుకి జబ్బు చేస్తే మాత్రలున్నాయి. నీ మనసు సంగతి నీకేం తెలుసని పదిమందీ తేల్చేస్తే దానికి మాత్రల్లేవు, నోరొక్కటే ఉంది. నా నోరు పెద్దదని మా చుట్టాలంతా ఇప్పటికీ అనుకుంటారు. అనుకోనివ్వండి.

మాది రాజోలు దాటి దిండి వైపు వెళ్ళే దారిలో ఒక ఊరు. ఇంటి వెనక కొబ్బరితోట, తోట చివర గోదారి పాయ. తొంభైల మొదట్లో నేను పదో తరగతి చదివేదాన్ని. అప్పటికే నాకు ఒకటే కోరిక, పంతులమ్మనవ్వాలని. తోటలో కాయలు ఒలవడానికి వచ్చేవాళ్ళ పిల్లల్ని అరుగు మీద కూర్చోబెట్టి ఎక్కాలు చెప్పించేదాన్ని. తప్పు చెబితే కొబ్బరి ఈనె తీసేదాన్ని. "దీనికి కావల్సింది బడో, పెత్తనమో నాకు తెలీట్లేదు" అనేది మా అమ్మ. నాకు రెండూ కావాలి. అందులో దాచుకోవాల్సిందేముంది?

ఒకరోజు పొద్దున్న బడి ప్రార్థనలో వరసలో నిలబడి ఉన్నాను. ఎడమచెయ్యి నాది కానట్టనిపించింది. అంతవరకే గుర్తు. తెలివొచ్చేసరికి ఇసకలో పడుకుని ఉన్నాను. గుప్పిట్లో ఆఫీసుగది తాళాలగుత్తి ఉంది, ముక్కు దగ్గర చితక్కొట్టిన ఉల్లిపాయ ఉంది, మొహమంతా నీళ్ళు. చుట్టూ కాళ్ళు. ఎవరో "పాపం" అన్నారు. ఆ క్షణాన అది ఏ వారమో నాకు తెలీదు, నేను ఏ తరగతో తెలీదు, కానీ కోపం మాత్రం వచ్చింది. తర్వాత ఎన్నిసార్లు పడిపోయినా ఇదే వరస. ముందు కోపం తిరిగొస్తుంది, నా పేరు ఆ తర్వాత గుర్తొస్తుంది.

సాయంత్రానికల్లా మా ఇంటినిండా జనం. అందరూ ఒకే మాట మీదున్నారు. పిల్ల మనసు బాగోలేదు. ఐనవిల్లి నుంచి మా పెద్దమ్మ దిగింది. పక్కన కూర్చుని, గొంతు తగ్గించి, నా జుట్టు సవరిస్తూ మొదలుపెట్టింది.

"ఏవే, మనసులో ఏవన్నా పెట్టుకున్నావేంటే? నాకు చెప్పు. మీ అమ్మకి చెప్పన్లే."

"సోమవారం లెక్కల పరీక్షుంది. అదే పెట్టుకున్నాను" అన్నాను.

"అది కాదే. ఎవరన్నా కుర్రోడు..."

"పెద్దమ్మా, నాకు నిద్రొస్తోంది."

పెద్దమ్మ మా అమ్మ వైపు తిరిగి, చూశావా, దాస్తోంది అన్నట్టు కళ్ళెగరేసింది. అప్పట్నించి నేను కిటికీలోంచి చూస్తే దిగులు, అన్నం తక్కువ తింటే బెంగ, పుస్తకం పట్టుకుంటే అదిగో మళ్ళీ మొదలు. మనసులో ఏమీ లేదు మొర్రో అంటే, లేదనడమే దానికి గుర్తట. రెండోసారి ఇంట్లోనే, దొడ్లో బట్టలారేస్తూ పడిపోయాను. మా పెద్దమ్మ వినాయకుడికి కొబ్బరికాయలు మొక్కుకుని, నా పుస్తకాలు అటక మీద పెట్టించింది. బుర్రకి అంత పని పెడితే మనసు చెదరదా అని ఆవిడ వాదన. మా నాన్నగారు మాత్రం పదిరోజులాలోచించి, అమ్మనీ నన్నూ తీసుకుని కాకినాడ నరాల డాక్టరు దగ్గరికి బయల్దేరారు. ఆ పని చేసినందుకు ఆయనకి ఇవ్వాల్సిన మార్కులు నేను ఇస్తాను. తర్వాత కొట్టేస్తాను, అది వేరే సంగతి.

అప్పటికింకా ఎదుర్లంక దగ్గర వంతెన లేదు. పంటు మీద గోదారి దాటి యానాంలో దిగి మళ్ళీ బస్సెక్కాలి. పంటు మీద ఉన్నంతసేపూ అమ్మ నా మణికట్టు వదల్లేదు, నేనేదో దూకేస్తానన్నట్టు.

డాక్టరుగారు పెద్దాయన, మాట పొదుపు. తలకి జిగురు రాసి, తీగలంటించి, గీతలు గీసే మిషను పెట్టారు. తీగలన్నీ తీసేశాక చెప్పారు. "ఇది మనసుకి సంబంధించింది కాదండి. మెదడులో కరెంటు ఒక్కోసారి అదుపు తప్పుతుంది. మూర్ఛ అంటే అంతే. పొద్దున్నొకటి, రాత్రొకటి మాత్ర వెయ్యండి. ఒక్క పూట కూడా మానకూడదు. నీళ్ళ దగ్గరా, నిప్పుల దగ్గరా కాస్త చూసుకోండి."

"నేను చదువుకోవచ్చాండీ?" అని అడిగాను.

ఆయన నాన్నగారి వైపు చూసి, "చదివించండి" అన్నారు.

అడిగింది నేను, జవాబు నాన్నగారికి. అది అప్పుడు నాకు తట్టలేదు. తిరుగు పంటు మీద నాకు ఎంత సంతోషమో చెప్పలేను. నా మనసు నాకు తిరిగిచ్చేశారు. అందులో కుర్రోళ్ళు లేరు, గాలీ ధూళీ లేదు, బెంగ లేదు. తప్పంతా మెదడుది. మోకాలు నొప్పి పెడితే మనిషిని తప్పుపట్టరు కదా, ఇదీ అంతే. ఇంటికెళ్ళగానే అటక మీంచి పుస్తకాలు దింపేసుకోవచ్చని లెక్కలేసుకున్నాను.

ఎంత పిచ్చిదాన్నో చూడండి. పుస్తకాలు దిగలేదు.

"మెదడులో జబ్బున్న పిల్లని పుస్తకాలేసి ఎలా రుద్దుతాం?" అన్నారు నాన్నగారు. "డాక్టరుగారు చదివించమన్నారు నాన్నగారూ" అంటే, "ఆయనకేం, అంటారు" అన్నారు. నేను గొంతు పెంచితే, "చూశావా, మాత్రల వేడి" అని అమ్మతో అన్నారు. ఏడిస్తే జబ్బు. నవ్వితే మాత్రలు పనిచేస్తున్నాయి. పడుకుంటే నీరసం. నేను ఏ మాటన్నా అది నేనన్నమాట కాకుండా పోయింది. మనసు జబ్బని అనుకున్నన్నాళ్ళూ కనీసం నా నోట్లోంచి ఏదో రాబట్టాలని అడిగేవాళ్ళు. మెదడు జబ్బని తేలాక అడగడం కూడా మానేశారు. మనసైతే పుస్తకాల వల్ల పాడైంది, మెదడైతే పుస్తకాలకి పనికిరాదు. ఏ దారిన వెళ్ళినా నన్ను తీసుకెళ్ళి వంటింట్లోనే దింపుతున్నారు. పది పరీక్ష మాత్రం రాయనిచ్చారు, హెడ్మాస్టరుగారు ఇంటికొచ్చి బతిమాలితే. ఇంటర్‌కి అమలాపురం పంపాలా వద్దా అన్నది ఇంట్లో రోజూ నలిగేది.

బయటివాళ్ళకి మాత్రం ఇంకో మాట. ఎవరడిగినా నాన్నగారు చేతులు కట్టుకుని, ఎంతో మర్యాదగా, "నరాల నీరసవన్నారండి డాక్టరుగారు. ఆయ్. టానిక్కులిచ్చేరండి" అనేవారు. మూర్ఛ అన్నమాట మా గుమ్మం దాటి బయటికెళ్ళకూడదు. ఎందుకో చెప్పక్కర్లేదు. ఆ మాట బయటపడితే నన్ను ఎవరూ చేసుకోరని ఆయన భయం. నన్నెవరు చేసుకుంటారన్నది నాకు అప్పుడూ పట్టలేదు, ఇప్పుడూ పట్టదు.

ఇక మాత్రల సంగతి. ఆ మాత్రలేసుకుంటే మొదట్లో మధ్యాహ్నాలు నిద్ర ముంచుకొచ్చేది, చిగుళ్ళు వాచాయి. రోజూ మింగితే పిల్ల మొద్దుబారిపోతుందని ఇంట్లో గుసగుసలు మొదలయ్యాయి. అప్పుడు మా నాన్నగారికి ఒక లెక్క తట్టింది. ఆ లెక్క మా తీరంలో, ఆ రోజుల్లో, ఆయన చేసే పని చేసేవాడికి తప్ప ఇంకెవరికీ తట్టదు.

మా రేవు వైపు రోజుకి రెండుసార్లు నీరు పోటెక్కుతుంది, రెండుసార్లు పాటు తీస్తుంది. అమావాస్యకీ పున్నానికీ పోటు పెద్దది. ఆ రోజుల్లో తూము తలుపు ఎత్తి కొత్తనీరు పెట్టుకోవాలి. మా నాన్నగారు అప్పుడే వరిచేను తవ్వించి రొయ్యల చెరువు వేశారు. రొయ్య పెంకు వదిలేదీ ఆ రోజుల్లోనే, మేత తగ్గించాలి, కనిపెట్టుకుని ఉండాలి. గోడ క్యాలెండర్లో నల్లచుక్కా, తెల్లచుక్కా చూసి బతికే మనిషి ఆయన. నేను బడిలో పడిపోయింది అమావాస్య మర్నాడు. దొడ్లో పడిపోయింది పున్నమినాడు. ఇంకేం కావాలి?

"ఒళ్ళంతా నీళ్ళేగా" అన్నారు అమ్మతో. "గోదారికి పోటొచ్చినప్పుడు తలకీ ఎక్కుద్ది. అప్పుడెయ్యాలి మాత్ర. పాటు రోజుల్లో ఎందుకే పిల్లకి ఆ విషం?"

అప్పట్నించి నాకు ద్వాదశి నుంచి తదియ దాకా మాత్రలు. మిగతా రోజులు సెలవు. మాత్రల అట్టలు నాన్నగారి బీరువాలో ఉండేవి. ఇవ్వాల్సిన పూట అమ్మ చేతికిచ్చేవారు, అమ్మ నా చేతిలో పెట్టేది.

"డాక్టరుగారు రోజూ అన్నారు, ఒక్క పూట కూడా మానొద్దన్నారు" అని నేను చెప్పాను. ఒకసారి కాదు, వంట చేస్తూ చెప్పాను, వడ్డిస్తూ చెప్పాను, వీధి గుమ్మంలో నిలబడి చెప్పాను. "నీ మీద నాకు లేని బాధ నీకుందేంటమ్మా?" అనేవారు నాన్నగారు. నిజంగానే బాధపడేవారు. బాధపడే మనిషితో పోట్లాడ్డమంత కష్టం లోకంలో లేదు. కసిరేవాడైతే నాలుగు మాటలని పడుకోవచ్చు. ఈయన నా తల నిమురుతూ నా మాట కొట్టేసేవారు.

కొన్నాళ్ళు ఏమీ జరగలేదు. లెక్క సరిపోయిందని ఆయన మొహంలో వెలుగు. ఇంటర్‌కి కూడా పంపారు, తోడుగా మా వీధిలో అమ్మాయిల్ని పెట్టి. నేను మళ్ళీ ఎగిరాను. రెండో సంవత్సరంలో టీచర్ ట్రైనింగుకి పరీక్ష రాస్తానని ఇంట్లో చెప్పాను. ఆ రాత్రి భోజనాల దగ్గర నాన్నగారికీ నాకూ పెద్ద వాదన జరిగింది. మర్నాడు పొద్దున్న పొయ్యి మీద పాలగిన్నె దింపుతూ పడిపోయాను.

కుడిచెయ్యి మోచేతి నుంచి కిందకి కాలింది. మచ్చ ఇప్పటికీ ఉంది. చలికాలంలో కూడా నేను పొడుగుచేతుల జాకెట్టు వేసుకోను. చూసేవాళ్ళు చూడనీ.

ఆ రోజు అష్టమి. పోటు ఉండీ లేనట్టుండే రోజు. నేను మంచం మీద పడుకుని, అరటాకులో చెయ్యి పెట్టుకుని, ఇంత నొప్పిలోనూ ఒక సంతోషం పట్టుకుని ఉన్నాను. ఆయన లెక్క తప్పిపోయింది. ఇప్పుడేమంటారో చూద్దామని.

నాన్నగారు క్యాలెండరు దగ్గర చాలాసేపు నిలబడ్డారు. వెనక్కి తిరిగి అమ్మతో నెమ్మదిగా అన్నారు. "ఇది ఆ మూర్ఛ కాదే. అష్టమినాడు రావడానికి వీల్లేదు. నిన్న నాతో అన్నేసి మాటలందా, మనసు కలత పడింది. ఇది మనసుది."

విన్నారా? పోటు రోజుల్లో వస్తే మెదడు. పాటు రోజుల్లో వస్తే మనసు. ఆయన లెక్క ఏనాటికీ తప్పదు. తప్పితే నేనే తప్పు. అందులోంచి తేలిందేమిటంటే, నాకు ట్రైనింగు మీద ఆశ పుట్టడమే జబ్బు. ఆశ మానేస్తే అష్టమి నాటి మూర్ఛలు రావు. నాకు ఆ నిమిషంలో చేతి మంట తెలీలేదు.

చెయ్యి కాలిందని విని పలకరించడానికి జనం వచ్చారు. వసారాలో కుర్చీలేశారు. రొయ్యల మేత అమ్మే ఒకాయన, వాళ్ళావిడా, మా వీధివాళ్ళూ. లోపల గదిలో పడుకున్న నాకు అన్నీ వినబడుతున్నాయి.

"ఎలా జరిగిందండీ?" అని ఆవిడ అడిగింది.

"ఏం చెప్పమంటారండీ. నరాల నీరసం కదండీ, కళ్ళు తిరిగేయి" అన్నారు నాన్నగారు.

"అయ్యో, టానిక్కులు పడుతున్నారాండీ?"

"ఆయ్. పడుతున్నావండి."

నేను లేచి గుమ్మంలోకి వచ్చాను. కాలిన చెయ్యి ముందుకి పట్టుకుని నిలబడ్డాను. "నీరసం కాదండీ, మూర్ఛ" అన్నాను. "మెదడులో వచ్చే జబ్బు. మాత్రలు రోజూ వేసుకోవాలి, నాకు వెయ్యట్లేదు. అందుకే పడిపోయాను. నా మనసుకి ఏ జబ్బూ లేదండి. శుభ్రంగా ఉంది."

మేత అమ్మే ఆయన కాఫీగ్లాసు ఎక్కడ పెట్టాలో తెలీక చేత్తో పట్టుకునే ఉన్నాడు. నాన్నగారు నా వైపు చూడలేదు. నేల చూశారు. వచ్చినవాళ్ళు వెళ్తామండి, వెళ్తామండి అంటూ సర్దుకున్నారు. ఆ సాయంత్రం ఆయన అన్నం తినలేదు. "దాని బతుకు అదే బుగ్గిచేసుకుంది" అన్నారట అమ్మతో.

బుగ్గి చేసుకున్నానో, బాగుచేసుకున్నానో నాకు తెలుసు. మర్నాడు పొద్దున్న అమ్మ నా మంచం దగ్గరికి వచ్చి మాత్రల అట్టలన్నీ నా దిండు పక్కన పెట్టింది. బీరువా తాళాలు ఎలా తీసుకుందో నేనడగలేదు. "నువ్వే వేసుకో" అంది. పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. మా అమ్మ తన జన్మలో నాన్నగారికి ఎదురుచెప్పిన సందర్భం నాకు తెలిసి అదొక్కటే, అదీ నోటితో కాదు.

చెయ్యి మానాక అమ్మా నేనూ కాకినాడ వెళ్ళాం. డాక్టరుగారికి పోటూ పాటూ లెక్క చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి మొహం తుడుచుకున్నారు. నవ్వొచ్చిందో కోపమొచ్చిందో నాకు తెలీలేదు. మాత్ర మార్చి రాశారు. అప్పుడు నేను మనసులో ఉన్నది అడిగాను.

"నాది మెదడు జబ్బే కానీ మనసు జబ్బు కాదని మా ఊళ్ళో అందరికీ చెబుతున్నానండి. సరిగ్గానే చెబుతున్నానా?"

"ఓ రకంగా సరేనమ్మా. అసలు మాట్లాడితే మనసని వేరే వస్తువేం లేదు. అంతా మెదడు చేసే పనే" అన్నారాయన.

"అప్పుడేమో మనసుకి సంబంధించింది కాదన్నారు. ఇప్పుడు మనసే లేదంటున్నారు. నాకు మిగిలిందేంటండీ?"

అమ్మ నా చెయ్యి గిల్లింది. ఆయన మాత్రం మొదటిసారి నా మొహంలోకి చూసి మాట్లాడారు. "ఏమనుకుంటున్నావు నువ్వు?"

నేనేమనుకుంటున్నానో అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతాను. మెదడులో ఏముందో డాక్టరుగారి మిషను గీస్తుంది, గీతలు చూసి ఆయన చెబుతారు, నేను వింటాను. నా మనసులో ఏముందో తెలియాలంటే నన్నడగాలి. వేరే దారి లేదు. అడక్కుండా చెప్పేవాళ్ళు మా పెద్దమ్మ అయినా ఒకటే, మా నాన్నగారైనా ఒకటే, కాకినాడ డాక్టరైనా ఒకటే. రెండింటికీ తేడా నాకు తెలిసినంతలో ఇంతే. తల ఆగిపోయిన ఆ కాసేపూ నేనెక్కడుంటానో నాకు తెలీదు. తెలీదని ఒప్పుకుంటాను. కానీ తెలివొచ్చాక నేనేం చెయ్యాలో చెప్పాల్సింది నేనే.

మాత్రలు రోజూ నా చేత్తో నేనే వేసుకున్నాను. మూర్ఛలు బాగా తగ్గిపోయాయి, పూర్తిగా పోలేదు. ట్రైనింగు పరీక్ష రాశాను, సీటొచ్చింది. నాన్నగారు వద్దనలేదు, వెళ్ళమని కూడా అనలేదు. మూర్ఛ సంగతి ఊరంతా తెలిశాక ఆయన దాచాల్సిందేమీ లేకుండా పోయింది, దాంతో సగం బలం పోయింది. రెండువేల సంవత్సరం దాటాక నాకు ఉద్యోగం వచ్చింది. వేసింది ఎక్కడనుకుంటున్నారు? లంకలో. చుట్టూ గోదారి. పడవ దాటి వెళ్ళాలి.

"ఉద్యోగం వద్దు" అన్నారు నాన్నగారు. ఈసారి కేకలేశారు. "నీళ్ళమ్మా. నీళ్ళ మీద రోజూ రెండుసార్లు. నేను బతికుండగా పంపను."

"మీరు బతికుండగానే వెళ్తాను నాన్నగారూ. నిక్షేపంగా ఉండండి."

"పడవలో వస్తే?"

"పడవవాడికి చెప్పి నడిమధ్య కూర్చుంటాను."

"బళ్ళో వస్తే? పిల్లలు చూస్తే? రేపట్నించి పంపుతారా నీ దగ్గరికి?"

ఆ భయం నాకూ ఉంది. పంతులమ్మ కావడానికి పదేళ్ళుగా పోట్లాడినదాన్ని, ఒక్కసారి పిల్లల ముందు పడిపోతే ఆ ఊరు నన్ను తిరుగుపడవ ఎక్కించేస్తుంది. అందుకే చేరిన రోజునే పెద్ద మాస్టారికి చెప్పేశాను. ఆయనా నేనూ, ఇద్దరమే ఆ బడికి. "నాకు మూర్ఛ ఉందండి. మాత్రలు వేసుకుంటున్నాను. ఎప్పుడైనా వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, చేతిలో ఏమీ పెట్టకండి. కాసేపటికి లేస్తాను." ఆయన చాలా మర్యాదస్తుడు. "అలాగేనండి" అన్నారు, రెండడుగులు వెనక్కి జరిగారు. పిల్లలకీ చెప్పాను. బోర్డు మీద తల బొమ్మ వేసి చెప్పాను. "మీ నాన్న రేడియో ఒక్కోసారి గరగర మంటుందా? అలాగన్నమాట." వాళ్ళకి పెద్దమాస్టారి కంటే తొందరగా అర్థమైంది.

నాన్నగారు ఊరుకోలేదు. పొద్దున్నే నా వెనకే రేవుకి వచ్చి, పడవలో నాకు ఎదురుగా కూర్చునేవారు. నా మొహం మీంచి చూపు తిప్పేవారు కాదు. లంకలో దిగాక బడి వసారాలో స్తంభానికి ఆనుకుని సాయంత్రం దాకా అక్కడే. నాకు తల కొట్టేసినట్టుండేది. ముప్పైకి దగ్గరపడుతున్న టీచరుకి తండ్రి కాపలా! "ఇంటికెళ్ళండి" అంటే, "నీ బళ్ళో కూర్చోలేదు కదా, వసారాలో గాలికి కూర్చున్నాను" అనేవారు. పిల్లలకి ఆయన అలవాటైపోయారు. అన్నం గిన్నెలు ఆయన దగ్గర పెట్టి ఆడుకునేవాళ్ళు.

ఒక వర్షాకాలం నాకు జ్వరమొచ్చి రెండ్రోజులు మాత్రలు కడుపులో నిలవలేదు. మూడోరోజు కాస్త తేరుకుని బడికి వెళ్ళాను. నాలుగో తరగతికి భాగహారం చెబుతున్నాను. ఎడమచెయ్యి నాది కాకుండా పోయింది. సుద్ద కింద పెట్టడం గుర్తుంది.

కళ్ళు తెరిచేసరికి చాప మీద పక్కకి తిరిగి ఉన్నాను. తల కింద ఎవరి సంచో మడతపెట్టి ఉంది. పిల్లలు గోడ వెంబడి వరసగా కూర్చుని ఉన్నారు, ఎవరూ ఏడవట్లేదు. ఒక అమ్మాయి నా కాళ్ళ మీద చీర సర్ది తన చోటుకి వెళ్ళి కూర్చుంది. పెద్ద మాస్టారు నాకు కొంచెం దూరంలో నిలబడి ఉన్నారు. వసారాలోంచి నాన్నగారు లోపలికి వచ్చేశారు. గుమ్మం పక్కన గొంతుక్కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని నన్నే చూస్తున్నారు. ఆయన పెదాలు తెల్లగా ఉన్నాయి.

పెద్ద మాస్టారు నా మీదుగా చూస్తూ ఆయనతో అన్నారు. "ఏవండీ, అమ్మాయిగారిని ఇంటికి తీసుకెళ్తారాండీ? పన్నెండింటి పడవుంది. కొన్నాళ్ళు సెలవు పెట్టిస్తే మంచిదేమోనండి. తల్లిదండ్రులు ఊరుకోరు కదండీ. మీరెలా అంటే అలా చేద్దాం."

నాకు వినబడుతోంది, నోరు తిరగట్లేదు. నాలుక కొరుక్కున్నాను, నోటినిండా రక్తం రుచి. నాన్నగారు ఏమంటారో నాకు తెలుసు. చేతులు కట్టుకుని, ఆయ్, అలాగేనండి అంటారు. పదేళ్ళు పోట్లాడి సంపాదించుకున్న నా బడిని రెండు మర్యాద మాటల్లో వాళ్ళిద్దరూ కలిసి పన్నెండింటి పడవకెక్కించేస్తున్నారు. లేవబోయాను. చేతులు నిలవలేదు.

నాన్నగారు గోడ దగ్గర పిల్లల్ని చూశారు. బోర్డు మీద సగంలో ఆగిన లెక్క చూశారు.

"నన్నడుగుతారేంటండీ మాస్టారూ. ఆవిడ అక్కడే ఉన్నారు కదా. ఆవిణ్ణి అడగండి."

ఆ మాటకి నేను కరిగిపోయి ఏడ్చానని మీరనుకుంటే పొరపాటు. ఎప్పుడో రావాల్సిన మాట అది. ఆలస్యంగా వచ్చినదానికి దణ్ణాలు పెట్టడం నాకు చేతకాదు. పెద్ద మాస్టారు ఇబ్బందిగా నా వైపు వంగి, ఉద్యోగంలో చేరాక మొదటిసారి నా కళ్ళలోకి చూసి అడిగారు. "ఏం చేద్దామంటారండీ?"

"ఉంటానండి" అన్నాను.

మాట ముద్దగా వచ్చింది, ఆయనకి అర్థం కాలేదు. నోట్లో రక్తం చీర చెంగుతో తుడుచుకుని, గోడ పట్టుకుని లేచి కూర్చుని, పిల్లలందరికీ వినబడేలా మళ్ళీ చెప్పాను.